నాన్నగారి పద్యాలకి గది కావాలి

ప్రశ్న: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి 71 ఏళ్లు. పౌరాణిక నాటకాల్లో జీవితమంతా పద్యాలు పాడారు. ఆయన శ్రుతి నాలుగు. గొంతు బాగుండగానే పద్యాలన్నీ మంచి క్వాలిటీతో రికార్డు చేసి పెట్టాలని నా కోరిక. మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 10 అడుగులే. కింద పెరటివైపు పాత ధాన్యం గది ఉంది, 14 అడుగులు బై 11, ఎత్తు తొమ్మిదిన్నర. మేడ గదిలో ఒక గోడకి కోడిగుడ్ల అట్టలు అంటించి ఫోన్‌లో రికార్డు చేసి చూశాం. డబ్బాలో పాడినట్టుంది. ఆధార షడ్జం (సా) దగ్గరికి వచ్చేసరికి గుమ్మంటోంది. పైగా చుట్టూ రొయ్యల చెరువులు, రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు. నా దగ్గర 60 వేలున్నాయి. 35 వేలు పెట్టి కండెన్సర్ మైకు, మిగతా డబ్బుతో గోడలకి ఫోమ్, మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ ఒకటి కొందామనుకుంటున్నాను. సరైన దారేనా?

జవాబు: మైకు కొనడం కాస్త ఆపండమ్మా. ముందు గది, తర్వాత మైకు. 60 వేలలో కనీసం మూడో వంతు గదికి తీసి పక్కన పెట్టండి. గది బాగోకపోతే ఖరీదైన మైకు ఆ లోపాన్నే ఇంకా స్పష్టంగా పట్టుకుంటుంది. మీరు విన్న డబ్బా మోతలో ఫోన్ వాటా తక్కువ, గది వాటా ఎక్కువ.

మేడ మీది గదిని వదిలేయండి. మన వైపు వేడికి ధ్వని సెకనుకి దాదాపు 1,145 అడుగులు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరంలో ఏ ధ్వని తరంగం సగం సరిగ్గా ఇముడుతుందో ఆ స్వరం అక్కడ నిలిచిపోయి మోగుతుంది. 10 అడుగుల దూరానికి అది 57 హెర్ట్జ్, అంటే సెకనుకి 57 కంపనాలు. దాని రెట్టింపు 114 దగ్గర, మూడింతలు 172 దగ్గర కూడా అంతే. మామూలు గదిలో పొడవు, వెడల్పు, ఎత్తు వేరువేరుగా ఉంటాయి కాబట్టి ఈ మోతలు తలా ఒక చోట పడతాయి. మీ మేడ గదిలో మూడు కొలతలూ ఒకటే, అందుకని మూడు దిక్కుల మోతా ఒకే స్వరం మీద పోగవుతుంది. ఇప్పుడు నాన్నగారి శ్రుతి చూడండి. నాలుగు శ్రుతి అంటే ఆయన ఆధార షడ్జం 175 హెర్ట్జ్. గది మోగే 172కి పక్కనే ఉంది. సా దగ్గర గుమ్మంటోందని మీరు రాసింది దీని గురించే. మీ చెవి సరిగ్గానే పట్టింది. ఆ గదిలో ఎన్ని అట్టలు అంటించినా ఈ చిక్కు పూర్తిగా పోదు.

కింది ధాన్యం గది కొలతలకి మొదటి మోతలు 41, 52, 60 హెర్ట్జ్ దగ్గర విడివిడిగా పడతాయి. అవన్నీ నాన్నగారి గొంతుకి బాగా కింద. ఆయన మంద్ర పంచమం పట్టుకున్నా 131 హెర్ట్జ్, తారస్థాయి పంచమానికి వెళితే 524. అంటే ఆయన గొంతు పని అంతా 130కి పైనే. స్టూడియోల మీద వీడియోలు చూస్తే అందరూ బేస్ ట్రాప్, బేస్ ట్రాప్ అని భయపెడుతుంటారు, అంటే బాగా కింది స్వరాల మోతని పీల్చే దళసరి ప్యానెళ్లు. వాళ్లవి డ్రమ్స్, బేస్ గిటార్ మోగే గదులు. పద్యానికీ హార్మోనియానికీ మీరు సరిచేయాల్సింది ముఖ్యంగా 130 నుంచి 500 మధ్య. ఆ పని మన వడ్రంగి, మన కుట్టు మిషను చేతుల్లో ఉంది. తబలా కూడా పెడితే దాని ఎడమ చేతి డగ్గా ఇంకా కిందికి వెళుతుంది, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ధాన్యం గదికి ఇంకో లాభం కూడా ఉంది. పైన మరో గది ఉంటే ఎండ నేరుగా స్లాబ్‌కి తగలదు, మధ్యాహ్నం కూడా మనిషి నిలబడగలడు. కానీ నిర్ణయం తీసుకునే ముందు గోడల చెమ్మ చూసుకోవాలి. రెండడుగుల పాలిథిన్ కవరు ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. తీసి చూసినప్పుడు గోడవైపు నీటి చుక్కలుంటే చెమ్మ గోడ లోపలి నుంచి వస్తున్నట్టు. అప్పుడు ముందు గోడ రిపేరు, తర్వాతే స్టూడియో. నేల దగ్గర, నాలుగు మూలల్లో విడిగా చూడండి. ధాన్యం గది కాబట్టి పురుగు, ఎలుక కన్నాలు, చెదలు కూడా ఉంటాయి. ఊక దుమ్మంతా దులిపి, కన్నాలు సిమెంటుతో పూడ్చి, సున్నం వేయించి, బాగా ఆరనివ్వండి. పెద్దాయన గట్టిగా ఊపిరి తీసుకుని పాడాల్సిన చోటు అది.

కోడిగుడ్ల అట్టలు ఈరోజే పీకేయండి. అవి పలచటి కాగితపు గుజ్జు. పై స్వరాలని కాస్త చెదరగొడతాయేమో కానీ గొంతు ఉండే చోట వాటివల్ల ఒరిగేదేమీ లేదు. బొద్దింకలు చేరతాయి, నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటాయి. ఒక అంగుళం ఫోమ్ కూడా మీ పనికి రాదు. ధ్వనిని పీల్చే వస్తువు ఎంత మందం ఉంటే అంత కింది స్వరం దాకా పనిచేస్తుంది. నాన్నగారి ఆధార షడ్జం తరంగం పొడవు ఆరున్నర అడుగులు. అందులో నాలుగో వంతు, అంటే దాదాపు 20 అంగుళాల మందం పెడితే అది దాన్ని పూర్తిగా పట్టగలదు. సగానికి దగ్గరగా వచ్చినా గట్టిగానే పనిచేస్తుంది. ఒక అంగుళం ఫోమ్ 1,000 హెర్ట్జ్‌కి కింద పెద్దగా ఏమీ చేయదు. స, శ, చ లాంటి అక్షరాల మెరుపు మాత్రం మింగేస్తుంది. కింది గుమ్ము అలాగే ఉండి పై మెరుపు పోతే గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తుంది. ఫోమ్ గోడలున్న చాలా ఇళ్ల రికార్డింగుల్లో వినబడేది ఇదే. మామూలు పాలియురిథేన్ ఫోమ్ అంటుకుంటే విషపు పొగ వస్తుంది, ఆ భయం కూడా ఉంది.

ఏదీ కొనకముందు ఇంట్లో ఉన్న పరుపులతో ఒక ప్రయోగం చేయండి. దీనికి చాలా గొప్ప పూర్వీకుడున్నాడు. 1895లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల ఫాగ్ మ్యూజియంలో ఒక లెక్చర్ హాలు ఎందుకూ పనికి రాకుండా పోయింది. అక్కడ పలికిన మాట అయిదున్నర సెకన్ల పాటు మోగుతూనే ఉండేది, మాటలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. దాన్ని బాగుచేసే పని వాలస్ సాబిన్ అనే యువ ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన దగ్గర్లోని శాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తల్ని రాత్రిళ్లు ఈ హాలుకి మోయించి, కొన్ని కొన్నిగా పేరుస్తూ, ఆర్గాన్ గొట్టం మోగించి, మోత ఎంతసేపటికి ఆగుతోందో కొలిచేవాడు. తెల్లారేలోపు మెత్తలు మళ్లీ థియేటర్‌కి చేరాలి. గది ఎంత, అందులో పీల్చే వస్తువు ఎంత అని తెలిస్తే మోత ఎంతసేపు నిలుస్తుందో చెప్పే సూత్రం ఆ మెత్తల నుంచే వచ్చింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకి సలహాలిచ్చిందీ ఆయనే. ప్రపంచంలోని ప్రతి స్టూడియో లెక్క ఇప్పటికీ అక్కడి నుంచే మొదలవుతుంది.

మీరూ అదే చేయండి. ధాన్యం గది ఖాళీ చేశాక మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. గోడల మధ్య టర్రుమని వణికినట్టు వినబడుతుంది. తర్వాత ఇంట్లో ఉన్న దూది పరుపులు, కొబ్బరి పీచు పరుపులు, బొంతలు అన్నీ తెచ్చి గోడలకి నిలబెట్టండి. మళ్లీ చప్పట. నాన్నగారిని ఒకే పద్యం రెండుసార్లు పాడమనండి, పరుపులు లేకుండా ఒకసారి, పెట్టాక ఒకసారి. ఫోన్ రెండుసార్లూ ఒకే చోట, ఒకే ఎత్తులో ఉండాలి. వింటే తేడా మీకే తెలుస్తుంది. ఆ పరుపుల గదిలో ఆ వారమే అసలు రికార్డింగు కూడా మొదలుపెట్టేయవచ్చు. స్టూడియో పూర్తయ్యేదాకా ఆగాలని ఎవరు చెప్పినా వినకండి. గొంతు ఈ నెల ఉన్నట్టు వచ్చే ఏడాది ఉంటుందన్న హామీ లేదు.

ఇక శాశ్వతంగా ప్యానెళ్లు చేయించే పని. గది 1,463 ఘనపుటడుగులు. గొంతుకి బాగుండేలా మోతని 0.4 సెకను దగ్గరికి తేవాలంటే, సాబిన్ సూత్రం ప్రకారం 180 చదరపుటడుగుల మేర పూర్తిగా పీల్చే ఉపరితలం కావాలి. ఇందులో ఒక పరుపున్న మంచం, నేల మీద దళసరి జంపఖానా, తలుపు తీసిపెట్టిన బట్టల బీరువా, గదిలోని మనుషులు కలిసి కొంత భారం మోస్తారు. మిగతాదానికి మీటరు పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ప్యానెళ్లు 16 చాలు. ఒక్కొక్కటీ నాలుగంగుళాల మందం.

లోపల పెట్టడానికి రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి తీసిన ఉన్ని లాంటి పీచు, మేలు. కోల్డ్ స్టోరేజీలకీ ఫ్యాక్టరీలకీ ఇన్సులేషన్ వేసేవాళ్ల దగ్గర రెండంగుళాల పలకలుగా దొరుకుతుంది. ఘనపు మీటరుకి 48 నుంచి 64 కిలోల సాంద్రత ఉన్నది అడగండి. రెండు పలకలు కలిపితే నాలుగంగుళాలు. చుట్టూ రీపర్లతో ఫ్రేమ్ కొట్టించండి. చెదల మందు పూసి ఆరబెట్టిన చెక్కే వాడమని వడ్రంగికి గట్టిగా చెప్పండి. రాక్‌వూల్ కోసేటప్పుడు, సర్దేటప్పుడు మాస్కు, గ్లవ్స్, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. దాని నూగు చర్మానికి దురద, ఊపిరితిత్తులకి చెరుపు. అందుకే ముందు పలచటి నాన్‌వోవెన్ గుడ్డలో చుట్టి, పైన ఖాదీయో గోనెగుడ్డో బిగించాలి. పై గుడ్డ ఏదైనా సరే నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. పోకపోతే ధ్వని కూడా పోదు. రెగ్జిన్, ప్లాస్టిక్ పూత ఉన్న కర్టెన్ గుడ్డలు అందుకే వద్దు.

మీరుండేది కొబ్బరి పీచు నడిబొడ్డున కాబట్టి ఈ ప్రశ్న మీకు రాకుండా ఉండదు, పీచు వాడొచ్చా అని. వాడొచ్చు. రబ్బరు కలిపి అచ్చు వేసిన పీచు పరుపు నాలుగంగుళాలది మధ్య స్వరాలనీ పై స్వరాలనీ బాగానే పీలుస్తుంది. కింది స్వరాల దగ్గరే రాక్‌వూల్ కంటే వెనకబడుతుంది, గోడకి దూరంగా నిలబెడితే అక్కడా కొంత మెరుగు. నాకు మాత్రం రెండు బెంగలున్నాయి. ఒకటి నిప్పు. రాక్‌వూల్ మండదు, పీచు మండుతుంది. పీచు పెట్టిన గదిలో అగరువత్తి, దీపం, వేలాడే వదులు వైర్లు ఉండకూడదు. రెండోది బూజు. మన వానాకాలంలో చెమ్మ తాగిన పీచుకి బూజు పట్టడం ఖాయం. కాబట్టి నాన్నగారి చుట్టూ రాక్‌వూల్, దూరపు గోడలకి పీచు పరుపులు అనే పద్ధతి డబ్బుకీ పనికీ మధ్యేమార్గం అనుకుంటాను.

ప్యానెళ్లని గోడకి ఆనించి కొట్టకండి. వెనక నాలుగంగుళాలు ఖాళీ వదిలితే నాలుగంగుళాల ప్యానెల్ దాదాపు ఎనిమిది అంగుళాల పని చేస్తుంది. ఆ ఖాళీకి పైసా ఖర్చు లేదు. గాలి ఆడుతుంది కాబట్టి వెనక బూజు కూడా తగ్గుతుంది. నేలకి ఆరంగుళాలు పైన ఉండాలి.

ఎక్కడ పెట్టాలన్నది ఎన్ని పెట్టాలన్నదాని కంటే ముఖ్యం. పాడే మనిషి ముందున్న మైకు ఆయన నోటినే కాదు, ఆయన వీపు వెనకున్న గోడని కూడా చూస్తూ ఉంటుంది. అందుకని మొదటి నాలుగు ప్యానెళ్లు నాన్నగారి వెనక. తర్వాత రెండు పక్కలా రెండేసి. తల మీద స్లాబ్ నుంచి మూడు వేలాడదీయండి. స్లాబ్ మోతని ఎవరూ పట్టించుకోరు కానీ నిలబడి పాడేవాళ్లకి నెత్తికి నాలుగడుగుల్లో ఉన్న ఉపరితలం అదే. కొక్కేలు మేస్త్రీ చేత యాంకర్ బోల్టులతో వేయించండి. నాలుగు మూలల్లో నాలుగు, ఏటవాలుగా. మిగిలింది హార్మోనియం వైపు. నాన్నగారు గది నడిమధ్యలో కాకుండా, గోడకి ఆనుకుని కాకుండా, పొడవులో ఒక చివరి నుంచి అయిదడుగుల దగ్గర నిలబడితే మంచిది.

ప్యానెళ్లన్నీ ఒక్కరోజులో బిగించేయకండి. సగం పెట్టాక నాన్నగారి చేత పాడించి అడగండి. స్టేజి మీద, తోటలో, గుడి మండపంలో పాడినవాళ్లకి బొత్తిగా మోత లేని గది ఇబ్బంది పెడుతుంది. తమ గొంతు తమకి తిరిగి రాకపోయేసరికి తెలియకుండానే గొంతు పెంచుతారు, అలిసిపోతారు. ఆయన కష్టంగా ఉందంటే రెండు ప్యానెళ్లు తగ్గించండి. ఈ విషయంలో పుస్తకం లెక్క కంటే ఆయన మాటే లెక్క.

ఏరియేటర్ల చప్పుడు పూర్తిగా వేరే సమస్య. పైన చెప్పిన ప్యానెళ్లు గది లోపలి మోతని సరిచేస్తాయి. బయటి చప్పుడుని ఆపవు, ఎన్ని పెట్టినా ఆపవు. బయటి చప్పుడుని ఆపేవి బరువైన గోడ, సందు లేని తలుపు. ధాన్యం గదికి తొమ్మిదంగుళాల ఇటుక గోడే ఉంటే దాదాపు 50 డెసిబెల్స్ ఆపగలదు. కానీ ఆ గోడ వైశాల్యంలో నూరో వంతు ఖాళీ ఉన్నా, మొత్తం మీద 20 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. చేను గట్టు ఎంత బలంగా వేసినా ఒక్క ఎలుక బొక్క చాలు కదా, అలాగే. పాత రెండు రెక్కల తలుపైతే మధ్య సందు, గడప సందు, గొళ్లెం కన్నం, పైన వెంటిలేటర్, ఇవన్నీ చూడండి. గదిలో లైటు వేసి రాత్రి బయటి నుంచి చూస్తే వెలుగు కనబడిన ప్రతి చోటా చప్పుడు లోపలికి వస్తున్నట్టే. తలుపు అంచులకి రబ్బరు బీడింగు, కిందికి బరువైన రబ్బరు పట్టీ వేయించండి. కిటికీకి రెండు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు కలిపి, చుట్టూ రబ్బరు అంటించి, సరిగ్గా ఇమిడేలా ఒక మూత చేయించండి. రికార్డింగప్పుడు పెట్టి, అయిపోయాక తీసేయడమే.

అంతకంటే చవకైన ఉపాయం గడియారం. చెరువు నీళ్లలో ఆక్సిజన్ పగలు నాచు మొక్కల వల్ల పెరుగుతుంది, రాత్రి తగ్గుతూ తెల్లారుజాముకి బాగా అడుగంటుతుంది. అందుకే రైతులు ఏరియేటర్లు ఎక్కువగా రాత్రిపూట తిప్పుతారు. కాబట్టి స్టూడియో అంటే అర్ధరాత్రి పని అనే ఊహ మీకు చెల్లదు. మీది పగటి స్టూడియో. భోజనాలయ్యాక ఊరు కాస్త కునుకు తీసే రెండు నుంచి నాలుగు మధ్య చూడండి. ఒకరోజు పొద్దున్నుంచి రాత్రి దాకా గంటకోసారి ఆ గదిలో ఫోన్‌తో రెండు నిమిషాలు రికార్డు చేసి వినండి, మీ ఊరి చప్పుళ్ల పట్టిక తయారవుతుంది. ధనుర్మాసంలో గుడి మైకులు, సార్వా, దాళ్వా కోతల్లో యంత్రాలు, వానాకాలంలో కప్పలు, ఇవి ఎలాగూ తెలిసినవే. సంక్రాంతి సందడి అయ్యాక ఉగాది దాకా మన వైపు రికార్డింగుకి బంగారం లాంటి రోజులు. చెమ్మ తక్కువ, వాన లేదు, ఉక్క ఇంకా మొదలవదు.

సందులన్నీ మూసిన గదిలో ఫ్యాన్ ఆపితే ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 15 నిమిషాలు పాడటం, తలుపు తీసి పది నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చోవడం, ఇదే పద్ధతి. ఏసీ ఉంటే ముందు చల్లబరిచి, పాడేటప్పుడు ఆపేయండి. 71 ఏళ్ల మనిషిని ఇంకొక్క టేక్ అని నిలబెట్టకండి.

ఇప్పుడు మైకు. కండెన్సర్ మైకు పెట్టె మీద సొంత రొద 5 డెసిబెల్స్ మాత్రమే అని గొప్పగా రాసి ఉంటుంది. మీ గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడే 35 ఉంటే ఆ 5కి డబ్బు పోసి లాభమేంటి? పైగా మన గాలిలో చెమ్మకి కండెన్సర్ లోపలి పలచటి పొర చిటపటమంటుంది. మీకు రెండు డైనమిక్ మైకులు (తీగచుట్ట, అయస్కాంతంతో పనిచేసే రకం) చాలు. 1966 నుంచి ప్రపంచమంతా వాడుతున్న షూర్ ఎస్‌ఎం58 లాంటిది గొంతుకి, దాని జతగాడు ఎస్‌ఎం57 లాంటిది హార్మోనియానికి. వీటికి నకిలీలు విపరీతంగా ఉన్నాయి, బిల్లు ఇచ్చే అధీకృత డీలర్ దగ్గరే కొనండి. డైనమిక్ మైకు గదిని వినదని కొందరంటారు. దగ్గరగా పెట్టి పాడతాం కాబట్టి గది తక్కువగా వినబడుతుంది, అంతే. మైకు ఏదైనా దాన్ని విప్పి పెట్టేయకండి. పని అయ్యాక సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో దాచండి.

నోటికి అడుగు దూరంలో, కాస్త పైనుంచి కిందికి వంచి పెట్టండి. ముందు పాప్ ఫిల్టర్, అంటే ప, బ లాంటి అక్షరాల ఊపిరి దెబ్బని ఆపే జల్లెడ. నాన్నగారు చేతులు తిప్పుతూ, అభినయిస్తూ పాడే మనిషైతే ఆయన్ని కదలొద్దని కట్టడి చేయకండి, ఆ కదలికలోనే పద్యం ఉంది. పాదాల దగ్గర నేల మీద టేపుతో ఒక గుర్తు వేస్తే చాలు.

ముందు గొంతు, తర్వాత హార్మోనియం విడిగా రికార్డు చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. సినిమా పాటకి కుదురుతుంది. పద్యానికి తాళం ఉండదు. గాయకుడు ఊపిరి తీసుకున్న చోట హార్మోనిస్టు అందుకుంటాడు, రాగం తీస్తుంటే వెంట నడుస్తాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటేనే అది జరుగుతుంది. ఇద్దరినీ ఒకే గదిలో, ఆరడుగుల దూరంలో ఎదురెదురుగా ఉంచండి. ఈ రకం మైకులకి వీపువైపు వినికిడి బాగా తక్కువ. గొంతు మైకు వీపు హార్మోనియం వైపు, హార్మోనియం మైకు వీపు గొంతు వైపు ఉండేలా తిప్పండి. మధ్యలో నడుమెత్తు ప్యానెల్ ఒకటి కాళ్లు పెట్టించి నిలబెడితే హార్మోనియం చప్పుడు ఆగుతుంది, చూపు ఆగదు.

రెండు మైకులు పెట్టుకునే ఇంటర్‌ఫేస్ తీసుకోండి, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 తరహాది. ఫోన్‌లో డబ్బా మోత ఎక్కువగా అనిపించడానికి ఇంకో కారణం, చాలా ఫోన్లు ఆయన గొంతు పెంచితే తగ్గించి, ఆగితే గది మోతని పెంచి చూపిస్తాయి. ఇంటర్‌ఫేస్‌లో ఆ బాధ లేదు. ఆయన అతి గట్టిగా తీసే రాగాన్ని ముందే ఒకసారి పాడించి, అప్పుడు కూడా లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచే మీట) పెట్టి, ఇక దాన్ని ముట్టుకోకండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఉంచండి. సాఫ్ట్‌వేర్‌కి ఆడాసిటీ ఉచితం, మీ పనికి అది చాలు. చెవులు మూసే హెడ్‌ఫోన్స్ ఒక జత కొనండి. స్పీకర్లు ఇప్పుడే వద్దు.

కరెంటు సంగతి ఒక మాట. రికార్డింగప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్ రకమో కాదో చూసుకోండి, కాకపోతే జుయ్యిమనే రొద వస్తుంది. ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. అయినా సన్నగా హమ్ మిగిలితే, గొంతు ట్రాక్ మీద 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి. నాన్నగారి గొంతు 130 పైనే కాబట్టి ఆయనది ఏమీ పోదు.

ప్రతి పద్యం ముందు ఆయన చేతే తేదీ, నాటకం, పాత్ర, రాగం, ఆ బాణీ ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పించి రికార్డు చేయండి. ఆ మాటలు లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత ఎవరికీ అవి ఏమిటో తెలియదు. రెండు మైకులూ కలిపి గంటకి ఒక జీబీ అవుతుంది, దాచడం కష్టం కాదు. 1996 నవంబరు తుఫాను చూసిన ఊరు మీది. అన్నీ ఒకే కప్పు కింద పెట్టకండి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఒకటి, అన్నిట్లోనూ కుదించని డబ్ల్యూఏవీ ఫైళ్లే. ఎంపీ3లు చుట్టాలకి వాట్సాప్‌లో పంపడానికి మాత్రమే. కాపీ తీశాక ఒక్కో ఫైలు తెరిచి చివరిదాకా పాడుతోందో లేదో వినండి.

ధాన్యం గదిలో పరుపులు పెట్టాక తీసిన చప్పట, పద్యం రికార్డింగులు నాకు పంపితే ప్యానెళ్లు ఎక్కడ తగ్గించవచ్చో చూసి చెప్తాను. వడ్రంగికి అడ్వాన్సు ఇచ్చేది దాని తర్వాతే.